బండి పొట్టిదవ్వాలా, నేను పొడుగవ్వాలా?

"సార్, మీకు ఇది కాదు సార్. అటు పక్కన చూడండి, మంచి స్కూటర్లు వచ్చాయి."

ఒక షోరూంలో ఓ పాతికేళ్ళ కుర్రాడు నన్ను పైనుంచి కిందకి (పెద్ద దూరం కాదు లెండి) ఓసారి చూసి అన్న మాట ఇది. నేనింకా బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. లోను అప్రూవ్ అయ్యింది, నాలుగు నెలలుగా రివ్యూలన్నీ నమిలి మింగి ఉన్నాను, ఇంజిను కంప్రెషన్ రేషియోతో సహా కంఠతా వచ్చు. అవేవీ అక్కడ పనికి రాలేదు. నా ఎత్తు 163 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల నాలుగంగుళాలు. ఆ కుర్రాడి దృష్టిలో అదొక వైకల్యం.

పంతం కొద్దీ ఆ బండే కొన్నాను. ఏ బండి, ఏ కంపెనీ అనేది ఇక్కడ అనవసరం. ఎత్తు బండి, సీటు ఎనిమిది వందల ముప్పై చిల్లర మిల్లీమీటర్లు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు నేను చేసిన తెలివితక్కువ పనులూ, వాటి వల్ల మా ఆవిడ మణికట్టు విరగడం, ఆ పాపంలో ఎవరి వాటా ఎంత అన్నదే ఇవాళ్టి గొడవ. ముందే చెప్తున్నా, కాస్త ఆవేశంగానే రాస్తాను. పొడుగువాళ్ళు క్షమించాలి.

మొదట ఆ "వైకల్యం" సంగతి తేల్చుకుందాం. ప్రపంచ దేశాల ఎత్తుల మీద 2016లో ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. 1996లో పుట్టిన మన దేశపు మగవాళ్ళ సగటు ఎత్తు అందులో సుమారు 165 సెం.మీ., ఆడవాళ్ళది 153 దగ్గర. అంటే నేను సగటుకి రెండు సెంటీమీటర్లు తక్కువ, అంతే! మనం కోడ్ రాసేటప్పుడు ఎడ్జ్ కేస్ అంటాం చూడండి, ఎప్పుడో పదివేలల్లో ఒకసారి తగిలేది, తర్వాతి రిలీజులో చూద్దాంలే అని పక్కన పడేసేది, అది నేను కాదు. నేను మెయిన్ ఫ్లో. దేశంలో సగం మంది యూజర్లు లాగిన్ అవ్వలేని సైటు కట్టి, "మీకు ఇది కాదు సార్" అని చెప్పే టీమ్ లీడ్‌ని మనం ఎన్నాళ్ళు భరిస్తాం?

ఇహ ఆ అంకె సంగతి. బ్రోచర్‌లో సీటు ఎత్తు అని ఒక్క నంబరు పడేస్తారు. సాధారణంగా అది ఎవరూ కూర్చోనప్పుడు నేల నుంచి సీటు పైభాగం దాకా కొలిచిన ఎత్తు. ఆ ఒక్క అంకె చూసి కొనడం, కొనకపోవడం రెండూ తప్పే. కాలు నేలకి ఎంత ఆనుతుందో తేల్చేవి కనీసం నాలుగున్నాయి. మీ కాలి లోపలి కొలత, అంటే గజ్జ నుంచి మడమ దాకా. మీరు కూర్చోగానే బండి ఎంత దిగుతుంది. సీటు స్పాంజి ఎంత నొక్కుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అసలెవ్వరూ చెప్పనిది, సీటు ముందు భాగం వెడల్పు. సీటు వెడల్పయితే తొడలు ఎడమవుతాయి, కాలు నిటారుగా దిగక పక్కకి పరుచుకుంటుంది. ఎత్తు తక్కువే ఉన్నా వెడల్పాటి సీటున్న బండి మీద కాలి వేళ్ళ మీద నిలబడి, దానికన్నా ఎత్తున్న సన్నటి సీటు మీద పాదం హాయిగా ఆన్చేవాళ్ళున్నారు.

నా లెక్క చెప్తాను. నా కాలి కొలత 74 సెం.మీ. బూటు అట్ట రెండున్నర కలిపితే 76 న్నర. సీటు 83 దాటి ఉంది. నేను కూర్చుంటే సీటు దగ్గర రెండున్నర దాకా దిగుతుంది, స్పాంజి ఇంకో సెంటీమీటరు. వెరసి 80 దగ్గర. అంటే మడమ నేలకి మూడు, నాలుగు సెంటీమీటర్లు పైన, దానికి తోడు సీటు వెడల్పు తినేసే ఒకటో రెండో. పాదం ముందు భాగం ఆనుతుంది, మడమ ఆనదు. ఇది ప్రాణాంతకమేం కాదు. బండి నడపలేనంత దూరం అసలే కాదు. ఆ రోజు షోరూంలో ఎవరైనా ఒక టేపు తెచ్చి ఈ లెక్క వేసి చూపిస్తే, నా ఏడాదిన్నరా, మా ఆవిడ చెయ్యీ మిగిలేవి.

ఎత్తు ప్రస్తావన రాగానే రెండు రకాల జ్ఞానులు బయల్దేరతారు. ఒకాయన, "ఎత్తు కాదు బాస్, స్కిల్ ముఖ్యం. పెడ్రోసా ఎంతున్నాడు?" అంటాడు. నిజమే, డానీ పెడ్రోసా 160 సెం.మీ. దగ్గరుంటాడు, మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. నాకూ గౌరవమే. కానీ అయ్యా, పెడ్రోసాకి బండి పట్టుకునే మెకానిక్కులుంటారు. ఆయన బయోడైవర్సిటీ జంక్షన్ సిగ్నల్లో, ఎడం పక్క ఆటో, కుడి పక్క వాటర్ ట్యాంకరు, కాలి కింద ఎవరో ఒలకబోసిన ఆయిలు, వెనక లాప్‌టాప్ బ్యాగుతో భార్య, ఈ సెటప్‌లో తొంభై సెకన్లు నిలబడలేదు. పైగా ఆయన బండి ఆయన కొలతలకి ఇంచించీ సరిచేసి ఉంటుంది. మనం అడిగేదీ అదేగా?

రెండో ఆయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. "రెండు పాదాలూ పూర్తిగా ఆనకపోతే ఆ బండి జోలికే పోకు." ఇది వినడానికి జాగ్రత్తగా ఉంటుంది గానీ ఇదీ ఒక మూఢనమ్మకమే. ఆగినప్పుడు ఎడం కాలు కింద, కుడి కాలు వెనక బ్రేకు మీద ఉండాలి. రెండు కాళ్ళూ కింద పెట్టేవాడు ఎత్తు మీద ఆగితే బ్రేకు ఏ కాలితో వేస్తాడు? ఒక్క కాలు చాలు అన్నప్పుడు నడుము కాస్త ఎడం పక్కకి జరిపితే సీటు అంచు మీంచి కాలు మరో రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. నాకు బండి నేర్పిన మా మేనమామ ఏనాడూ ఈ ముక్క చెప్పలేదు. ఆయన 178.

ఇక్కడ మన రోడ్ల గురించి ఒక చిన్న విషయం. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు, వాన నీళ్ళు పోవడానికి. మనం ఎడం వైపు నడుపుతాం కాబట్టి మన ఎడం కాలి వైపే నేల దిగువన ఉంటుంది. ఏ కాలైతే కింద పెట్టాలో సరిగ్గా దానికే నేల ఇంకాస్త దూరం! సిగ్నల్లో అంచుకి పోయి ఆగే పొట్టివాళ్ళు ఎందుకు తూలుతారో నాకు చాలా నెలల తర్వాత అర్థమైంది. ఇప్పుడు ఆగే ముందు పది మీటర్ల నుంచే నేల చూసుకుంటాను, గుంట ఉన్న చోట ఆగను. ఇది ఎవరో చెప్పాల్సింది. నేను పడి నేర్చుకున్నాను. రెండుసార్లు. ఒకసారి ఆఫీసు గేటు ముందు, సెక్యూరిటీ వాళ్ళు, కాబ్ డ్రైవర్లు, మా మేనేజరు సాక్షిగా. :)

ఆ ఆఫీసు గేటు అవమానం తర్వాతే నేను మహాపాపం చేశాను. తెలిసినవాళ్ళు ఒక మెకానిక్ దగ్గరికి పంపారు. అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అన్నా, టెన్షన్ తీస్కోకు. వెనక లింకు మారుస్త, గంటల ఐపోతది. స్కూటర్ లెక్క కూసుంటవ్" అన్నాడు. వెనక మోనోషాక్‌కీ స్వింగార్మ్‌కీ మధ్య కుక్క ఎముక ఆకారంలో రెండు చిన్న లింకులుంటాయి, డాగ్‌బోన్ అంటారు. నా బండిలో వాటి బదులు కాస్త పొడుగువి వేస్తే బండి వెనక భాగం కిందకి దిగుతుంది. వేశాడు. ముప్ఫయి అయిదు మిల్లీమీటర్లు దిగింది. కూర్చున్నాను, మడమలు ఆనినంత పనయ్యింది. ఆనందంతో అడిగినదానికన్నా రెండొందలు ఎక్కువిచ్చాను.

ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, ఒక్క నిమిషం కాగితం మీద గీసుకుని ఉంటే తెలిసేది. వెనక చక్రం దగ్గర 35 మి.మీ. దింపితే నేను కూర్చునే చోట దిగేది 25 దగ్గరే, ఎందుకంటే సీటు రెండు చక్రాల మధ్యలో ఉంది. ఆ 25 కోసం నేను పోగొట్టుకున్నవి చూడండి. దాదాపు 1400 మి.మీ. వీల్‌బేస్ మీద వెనక 35 దిగితే బండి మొత్తం డిగ్రీన్నర దాకా వెనక్కి వాలుతుంది. ముందు ఫోర్కు ఆ మేరకు ఇంకా పడుకుంటుంది. హ్యాండిల్ బరువెక్కుతుంది. నెమ్మదిగా యూటర్న్ తిప్పుతుంటే చక్రం తనంతట తనే లోపలికి పడిపోతున్నట్టుంటుంది. పొట్టివాడికి అసలు భయం ఎక్కడ? ఆ నెమ్మది యూటర్న్‌లోనే! రోగం ఎక్కడుందో అక్కడే మందు వికటించింది. ముందు ఫోర్కు గొట్టాల్ని క్లాంపుల్లో కొంచెం పైకి జరిపి ముందు భాగాన్నీ దించితే కొంతవరకు సరిపోయేది. అతను జరపలేదు, నేను అడగలేదు. హెడ్‌లైటు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొట్టడం మొదలైంది. స్పీడ్ బ్రేకర్లు ఇంజిను కింద ప్లేటుకి తగలడం మొదలైంది, మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు చెప్పేదేముంది, ఒక్కోటి ఒక్కో చిన్న అనంతగిరి.

ఇవన్నీ భరించాను. సైడ్ స్టాండు మాత్రం పట్టించుకోలేదు. బండి దిగింది, స్టాండు పొడవు మారలేదు. అంటే స్టాండు వేసినప్పుడు బండి ఎడం వైపు హాయిగా వాలాల్సింది పోయి దాదాపు నిటారుగా నిలబడేది. చూడ్డానికి ఠీవిగానే ఉండేది లెండి.

ఒక ఆదివారం వికారాబాద్ బయల్దేరాం, చేవెళ్ళ రోడ్డు మీద, మర్రిచెట్ల కిందుగా. దారిలో టీ కోసం ఆగాం. మట్టి నేల, కుడి పక్కకి కొంచెం వాలు. స్టాండు వేసి డబ్బులివ్వడానికి నాలుగడుగులు వేశాను. మా ఆవిడ బండికి కుడి పక్కన నిలబడి హెల్మెట్ కొక్కెం విప్పుకుంటోంది. వెనక నుంచి చప్పుడు. నూట ఎనభై కిలోల పైనున్న బండి కుడి పక్కకి పడింది, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు రెండు చోట్ల. ఆరు వారాలు కట్టు, ఆ తర్వాత ఫిజియోథెరపీ, ఇప్పటికీ ఆ చేత్తో ప్రెషర్ కుక్కర్ మూత బిగించదు. ఆస్పత్రిలో నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "బండి పొట్టిదయ్యింది సరే, నా చెయ్యేం చేసింది?"

నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ మెకానిక్‌ని తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ అతను చెప్పింది చెప్పినట్టే చేశాడు. బండి దించమన్నాను, దించాడు. రిక్వైర్‌మెంటే తప్పు. దించాల్సింది బండి కాదు, సరిచెయ్యాల్సింది సీటు. ఆ తేడా తెలియని నేనూ దోషినే. ఆ తేడా తెలిసీ చెప్పని వాళ్ళు ఇంకా పెద్ద దోషులు. వాళ్ళ దగ్గరికే వస్తున్నా.

వారం తిరక్కుండా పాత లింకులు వేయించేశాను. తర్వాత, చాలా ఆలస్యంగా, మాన్యువల్ తెరిచాను. అందులో ప్రీలోడ్ అని అర పేజీ ఉంది. మోనోషాక్ స్ప్రింగు మీద ఉండే రింగు, దాన్ని తిప్పడానికి ఒక సి-స్పానర్. దీని గురించి జనంలో ఉన్న అపోహ ఏంటంటే, ప్రీలోడ్ తగ్గిస్తే స్ప్రింగు మెత్తబడుతుందని. మెత్తబడదండీ. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందాన్నీ, చుట్లనీ బట్టి ఉంటుంది. రింగు తిప్పితే మారేది మీరు కూర్చున్నప్పుడు బండి ఎంత ఎత్తున నిలబడుతుంది అన్నది మాత్రమే. వెనక చక్రం మొత్తం కదలికలో ఇంచుమించు మూడో వంతు మీరు కూర్చోగానే వాడుకోబడాలి అనేది సస్పెన్షన్ తెలిసినవాళ్ళ మోటు లెక్క. నా బండికి ఆ కదలిక 180 మి.మీ. దగ్గరుంది, అంటే యాభై పైచిలుకు దిగాలి. చక్రాన్ని గాల్లోకి లేపి ఒకసారి, నేను కూర్చున్నాక ఒకసారి టేపుతో కొలిస్తే, దిగుతున్నది 35! ఎందుకు? నేను 59 కిలోలు. కంపెనీ సెట్టింగు నాకన్నా బాగా బరువైన మనిషి కోసం. పొట్టివాళ్ళం చాలామందిమి బక్కవాళ్ళం కూడా. కాబట్టి మాకు రెండు దెబ్బలు: కాలు పొట్టి, పైగా బండి మా కింద దిగాల్సినంత దిగదు.

రెండు మెట్లు తగ్గించాను. సీటు దగ్గర సెంటీమీటరు పైనే దిగింది. ఖర్చు సున్నా. చెడింది ఏమీ లేదు, ఎందుకంటే బండి ఉండాల్సిన ఎత్తుకే వచ్చింది. (వెనక మనిషి ఎక్కితే మళ్ళీ పెంచాలి, లేకపోతే గుంటల్లో అడుగంటుతుంది. సోమరితనం పనికిరాదు.) డెలివరీ రోజున షోరూంలో దండ వేశారు, కొబ్బరికాయ కొట్టించారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, ఫొటో తీశారు. అన్నిటికీ కలిపి ఇరవై నిమిషాలు. అదే రోజు నన్ను కూర్చోబెట్టి ఈ రింగు తిప్పడానికి పట్టేది అయిదు నిమిషాలు. నిమ్మకాయలకున్న ప్రాధాన్యం నా కాళ్ళకి లేకపోయింది.

ఆ తర్వాత సీటు. పుత్లీబౌలి వైపు ఒక గల్లీలో ఒక పెద్దాయన, అరవై దాటాయి, బండి సీట్లు కుట్టడం తప్ప వేరే పని చెయ్యడు. నేను వెళ్ళగానే "ఎంత కొయ్యాలి?" అని అడగలేదు. "కూసో బేటా" అన్నాడు. బండి మీద కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ దించమని, తొడ సీటుని ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత పిర్రల ఎముకలు ఆనే చోట రెండు గుండ్రాలు. "ఈడ చెయ్యి పెట్టొద్దు. ఈ గీత బయట ఎంతన్న తియ్యి." అంతే, నాలుగేళ్ళ బీటెక్‌లో నాకెవ్వరూ ఇంత స్పష్టంగా స్పెసిఫికేషన్ చెప్పలేదు.

రెగ్జిన్ పిన్నులు ఊడదీసి, హాక్సా బ్లేడుతో ముందు మూలలు రెండు పక్కలా కోసి, గ్రైండర్‌కి గరుకు డిస్కు వేసి నున్నగా చేశాడు. పైన దించింది ఒకటిన్నర సెంటీమీటర్లే. పక్కల మాత్రం రెండేసి సెంటీమీటర్లు. ఆ పక్కల కోతతోనే మడమ వేలి మందం దిగింది! నేను ఆశపడి, "చాచా, పైన ఇంకో రెండు సెంటీమీటర్లు తియ్యండి" అన్నాను. ఒప్పుకోలేదు. ఎక్కువ తీస్తే కింద ప్లాస్టిక్ తగులుతుంది, యాభై కిలోమీటర్లకే వెన్ను చివర మొద్దుబారుతుంది అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు తట్టనే లేదు. సీటు దించితే ఫుట్‌రెస్టు మాత్రం అక్కడే ఉంటుంది, మోకాలు ఇంకా ముడుచుకుంటుంది. సిగ్నల్లో సుఖపడాలని దింపిన సీటు శ్రీశైలం రోడ్డు మీద మోకాళ్ళని పట్టేస్తుంది. అలాగే ముందు భాగం ఒక్కటే గుంటలా కోస్తే బ్రేకు వేసినప్పుడల్లా జారి ట్యాంకు మీదకి వెళ్తాం. మగవాళ్ళకి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఆయన కూర్చునే చోటుని బల్లపరుపుగా ఉంచాడు.

మెత్తగా ఉంటే సుఖం అనేది కూడా భ్రమే. షోరూంలో వేలితో నొక్కి "అబ్బ, దూదిలా ఉంది" అనుకునే సీటు గంటలో అణిగిపోయి, ఎముక నేరుగా పలకకి ఆనుతుంది. గట్టి స్పాంజి మొదటి పది నిమిషాలు చెక్కబల్లలా అనిపించి మూడో గంటలో మర్యాద నిలబెడుతుంది. చాచా కింద గట్టి పొర, పైన పలచగా మెత్తటి పొర అతికించాడు.

ఒక సలహా, డబ్బుల సంగతి కాబట్టి: బండితో వచ్చిన సీటు కోయించొద్దు. పాత సీటు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే దాన్ని కోయించండి. కోసింది బాగోకపోతే రోల్‌బ్యాక్ ఉండాలిగా! ఇంకోటి, అట్ట మందం రెండు మూడు సెంటీమీటర్లుండే బూట్లు కొనుక్కోండి, గేరు లివరు కాస్త పైకి సర్దుకోండి. ప్రీలోడ్, సీటు, బూట్లు, మూడూ కలిసి నాకు తెచ్చిపెట్టింది దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. బండి కొలతల్లో దేన్నీ కదపలేదు. చట్టం గొడవా లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ బండిని ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదంటుంది. సీటు స్పాంజి మందం నా ఆర్‌సీలో ఎక్కడా లేదు.

ఇప్పుడు అసలు దోషులు. కంపెనీలవాళ్ళని అడిగితే, గ్రౌండ్ క్లియరెన్స్ కావాలంటే సీటు ఎత్తుండక తప్పదు, ఫిజిక్స్ సార్, అంటారు. ఫిజిక్స్ ఏం కాదు. 2016లో వచ్చిన మొదటి హిమాలయన్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ 220 మి.మీ., సీటు 800. ఆ బండి మీద లడఖ్ వెళ్ళినవాళ్ళు మన ఆఫీసుల్లోనే ఫ్లోరుకొకరు ఉన్నారు. 2023లో వచ్చిన హిమాలయన్ 450కి సీటు 825, కావాలంటే 845కి పెంచుకోవచ్చు. మరి 805కి దించాలంటే? వేరే సీటు, విడిగా కొనుక్కోవాలి. గమనించండి, పొడుగువాడికి రెండు సెంటీమీటర్లు బండితోనే వస్తాయి, పొట్టివాడు రెండు సెంటీమీటర్లు డబ్బులిచ్చి కొనుక్కోవాలి. సగటు ఎత్తు 165 ఉన్న దేశంలో ఇది! నేను దీన్ని పొట్టి పన్ను అంటాను. అయినా ఆ పాటి సీటు అమ్ముతున్నందుకు వాళ్ళని మెచ్చుకోవాలి, చాలామంది అదీ చెయ్యరు. కేటీఎం 390 అడ్వెంచర్ 2020లో మన దగ్గరికి 855 సీటుతో వచ్చింది. 2025లో కొత్తది 830తో వచ్చింది. మరి అయిదేళ్ళలో ఫిజిక్స్ ఏమైనా మారిందా? వాళ్ళదే డ్యూక్ 390కి 2024 మోడల్లో సీటుని 820, 800 మధ్య మార్చుకునే ఏర్పాటు ఇచ్చారు. అంటే చెయ్యొచ్చు. తలుచుకుంటే చెయ్యొచ్చు. హార్డ్‌కోడ్ చేసిన ఒక విలువని కాన్ఫిగ్ ఫైల్లోకి తియ్యడం, అంతేగా పని?

"నీకు సరిపోయే బండి కొనుక్కోవచ్చుగా, హంటర్ 350 ఉంది, 790. మీటియోర్ ఉంది, 765" అనే సన్నిహితులకి ఒక మాట. అవి మంచి బండ్లే. కానీ నాకు కావల్సింది మట్టి దారి ఎక్కే బండి. అయిదడుగుల నాలుగంగుళాల వాడికి మట్టి దారులు వద్దని ఎవరు రాశారు? ఇదే తర్కం ఇంకో అడుగు ముందుకేస్తే ఆడవాళ్ళ దగ్గరికొస్తుంది. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే అమ్మాయి ఒకరున్నారు, కర్నూలు వాళ్ళు. 155 సెం.మీ. గేరు బండి బాగా నడుపుతుంది, వాళ్ళ నాన్నగారి స్ప్లెండర్ మీద ఇంటర్లోనే నేర్చుకుంది. స్ప్లెండర్ సీటు 785. దాని మీద ఎనిమిదేళ్ళు తిరిగిన మనిషి ఆర్నెల్ల క్రితం 800 సీటున్న బండి చూడ్డానికి వెళ్తే, కీ ఇవ్వకుండా "మేడమ్, స్కూటీ సెక్షన్ అటు" అన్నారట. తేడా పదిహేను మిల్లీమీటర్లు. ఒక చెప్పు మందం. ఆ అమ్మాయి రెండు వారాలు ఆలోచించి, ఎక్కడో వీడియో చూసి, బండి కొనేసి ముందుగా లింకులే మార్పిద్దామని డిసైడ్ అయ్యి, మాటవరసకి నాతో అంది.

లంచ్ సగంలో వదిలేసి ఆమెకి స్టాండు కథ మొత్తం చెప్పాను. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ చెయ్యి చూపించాను. బండి పోయిన నెల వచ్చింది. మొదటి ఆదివారమే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నేనూ, మా ఆవిడా బండి వెనక భాగం ఎత్తి పట్టుకుంటే ఆ అమ్మాయి టేపుతో కొలుచుకుంది. మా ఆవిడ ఎడం చేత్తో మాత్రమే పట్టుకుంది. ప్రీలోడ్ ఒక మెట్టు తగ్గింది. సెకండ్‌హ్యాండ్ సీటు బేగంపేటలో ఒకాయన దగ్గర దొరికింది, రెగ్జిన్ కాస్త చిరిగింది గానీ స్పాంజి బాగుంది. వచ్చే శనివారం పుత్లీబౌలి వెళ్తున్నాం. చాచా పదకొండుకి గాని షట్టరు తియ్యడు.